ఈమెయిల్ మారగానే షేర్‌పాయింట్‌లో హక్కులు ఎందుకు పోయాయి?

ప్రశ్న:
నమస్కారం. మా సంస్థలో షేర్‌పాయింట్ 2016 (పత్రాలు, సైట్లు పంచుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) సర్వర్‌కు ఏడీఎఫ్ఎస్ (వాడుకరి ఎవరో సరిచూసి ఇతర సాఫ్ట్‌వేర్లకు తెలిపే మైక్రోసాఫ్ట్ సేవ) ద్వారా క్లెయిమ్స్ (ఈమెయిల్ వంటి వాడుకరి వివరాలు) పద్ధతిలో లాగిన్ ఏర్పాటు చేశాం. ఇటీవల ఒక సహోద్యోగిని ఇంటిపేరు మారడంతో ఆమె ఈమెయిల్ చిరునామా కూడా మార్చాం. మరునాడు లాగిన్ అయితే కుదిరింది గానీ, నాలుగేళ్లుగా తానే చూసుకుంటున్న సైట్‌లోకి ఆమెకు అనుమతి లేదని సందేశం వచ్చింది. యాక్టివ్ డైరెక్టరీలో (సంస్థ వాడుకరి ఖాతాలు ఉండే చోటు) ఖాతా మారలేదు, పాస్‌వర్డ్ మారలేదు. మరి ఆ హక్కులు ఏమైనట్టు?

మొదటి సమాధానం:
హక్కులు పోలేదండీ, పాత ఈమెయిల్ పేరిట అలాగే ఉన్నాయి. ఈ పద్ధతిలో వచ్చినవారెవరో తేల్చుకోవడానికి షేర్‌పాయింట్ యాక్టివ్ డైరెక్టరీని అడగదు. ఏడీఎఫ్ఎస్ సంతకం చేసి పంపిన టోకెన్‌లో (క్లెయిమ్స్ ఉండే డిజిటల్ పత్రం) ఏ విలువ ఉందో అదే దానికి ప్రమాణం. సైట్‌లో ఆమె వివరాల పేజీ తెరిచి ఖాతా పేరు గమనించండి. ‘ఐ’ అక్షరంతో మొదలై, కొన్ని గుర్తుల తర్వాత ఒక నిలువు గీత కనిపిస్తుంది. ఆ గీతకు ముందున్న అక్షరం ‘డబ్ల్యూ’ అయితే విండోస్ లాగిన్, ‘ఎఫ్’ అయితే ఫారమ్స్ లాగిన్, ‘టి’ అయితే మీలాగా బయటి ప్రొవైడర్ (లాగిన్‌ను సరిచూసే సేవ, మీ విషయంలో ఏడీఎఫ్ఎస్) నుంచి వచ్చిన లాగిన్ అని అర్థం. గీత తర్వాత ప్రొవైడర్ పేరు, మరో గీత, చివర ఈమెయిల్ ఉంటాయి. ఆ వరుస మొత్తం కలిస్తేనే ఒక మనిషి కనుక, చివరి భాగం మారితే షేర్‌పాయింట్ లెక్కలో ఆమె కొత్త మనిషే.

రెండో సమాధానం:
పాత ఖాతాను కొత్త పేరుకు మార్చడానికి పవర్‌షెల్‌లో (ఆదేశాలు టైప్ చేసి నడిపే సాధనం) ‘మూవ్ ఎస్‌పీ యూజర్’ ఆదేశం ఉంది. ఇకపై ఎవరి ఈమెయిల్ అయినా మారితే, వారు కొత్త చిరునామాతో లాగిన్ కాకముందే దీన్ని నడపడం మేలు. మరొక జాగ్రత్త: ప్రత్యేకంగా క్లెయిమ్స్ ప్రొవైడర్ (టైప్ చేసిన పేరు నిజంగా ఉందో వెతికి చూసే భాగం) పెట్టుకోకపోతే, పీపుల్ పికర్‌లో (హక్కు ఇవ్వడానికి వ్యక్తిని ఎంచుకునే పెట్టె) ఏ చిరునామా టైప్ చేసినా అది సరిచూడకుండానే ఒప్పుకుంటుంది. అంటే ఎవరైనా అలవాటుగా ఆమె పాత ఈమెయిల్‌కే హక్కు ఇచ్చినా ఏ హెచ్చరికా రాదు.

ప్రశ్న అడిగినవారు:
చూశాను. ఆమె పేరుతో రెండు ఖాతాలున్నాయి, చివర ఈమెయిల్ ఒక్కటే తేడా. గుర్తింపు క్లెయిమ్‌గా (మనిషి ఎవరో తేల్చే వివరం) ఈమెయిల్‌కు బదులు ఉద్యోగి సంఖ్యను పెట్టవచ్చా?

మొదటి సమాధానమిచ్చినవారు:
పెట్టవచ్చు. మనిషితో పాటు మారని విలువనే ఎంచుకోవాలని నేను మొదటి నుంచీ గట్టిగా చెబుతాను. అయితే టోకెన్ ఇష్యూయర్‌ను (షేర్‌పాయింట్‌లో ఏడీఎఫ్ఎస్‌ను నమోదు చేసే అమరిక) ఒకసారి సృష్టించాక అందులోని గుర్తింపు క్లెయిమ్‌ను మార్చడం కుదరదు. దాన్ని తొలగించి, మళ్లీ సృష్టించి, వాడుకరులందరినీ కొత్త విలువకు తరలించాలి. ముందుగా పరీక్షా సర్వర్‌లో చేసి చూడండి. ఈలోగా సైట్ హక్కులను వ్యక్తుల పేర్ల మీద కాకుండా, ఏడీఎఫ్ఎస్ పంపే రోల్ క్లెయిమ్ (వాడుకరి పాత్రను తెలిపే వివరం) మీద ఇవ్వడం మొదలుపెడితే, తరలించవలసిన భారం చాలావరకు తగ్గుతుంది.