పెద్దల కంప్యూటర్లలో మెయిలు ఎలా కనిపించాలి: ప్లెయిన్ టెక్స్టా, హెచ్‌టీఎంఎల్లా?

జయనగర్ పాఠకుడు
బెంగళూరులోని మా అపార్ట్‌మెంటులో ఉన్న తెలుగు పెద్దలు కొందరు ఫోనులో మెయిలు చదవలేక ల్యాప్‌టాపుల్లో థండర్‌బర్డ్ అనే మెయిలు ప్రోగ్రాము పెట్టించుకుంటున్నారు. ఆ పని నా మీద పడింది. 2023 జులైలో వచ్చిన 115వ వెర్షను నుంచి సందేశాల జాబితాను కార్డులుగా చూసే వీలుంది, అది వారికి నచ్చింది కూడా. నా సందేహమల్లా సందేశం లోపలి భాగం గురించే. వ్యూ మెనూలో ‘మెసేజ్ బాడీ యాజ్’ దగ్గర ఒరిజినల్ హెచ్‌టీఎంఎల్ (పంపినవారి రంగులు, బొమ్మలు, అమరికతో), సింపుల్ హెచ్‌టీఎంఎల్ (వాటిని కొంత వడకట్టి), ప్లెయిన్ టెక్స్ట్ (ఉత్త అక్షరాలు) అని మూడు పద్ధతులున్నాయి. విండోస్‌లో ఆ మెనూ కనబడకపోతే ఆల్ట్ నొక్కాలి. అందరికీ ఒకటే పెట్టి వదిలేయాలంటే ఏది పెట్టమంటారు?

సాదాసీదా
సందేహం అక్కరలేదు, ప్లెయిన్ టెక్స్ట్ పెట్టండి. బ్యాంకు పేరుతో వచ్చే దొంగ మెయిళ్ళన్నీ రంగులు, గుర్తులు, పెద్ద బొత్తాలతోనే నమ్మిస్తాయి. ఆ అలంకరణ తీసేస్తే బొత్తం వెనక దాగిన చిరునామా చాలావరకు బయటపడుతుంది, పెద్దవారికి అనుమానం కలగడానికి అదే చాలు. కంటికి కనిపించనంత చిన్న బొమ్మను సందేశంలో పెట్టి, అది తెరుచుకున్న క్షణాన్ని బట్టి మీరు మెయిలు చదివారో లేదో తెలుసుకునే వ్యాపారం ఎప్పటినుంచో ఉంది. 2018 మే నెలలో బయటపడిన ఈఫెయిల్ లోపం గుర్తుందా? గుప్తలేఖనం (ఎన్‌క్రిప్షన్) చేసిన మెయిళ్ళలోని పాఠాన్ని కూడా హెచ్‌టీఎంఎల్ దారిలో బయటికి లాగవచ్చని అప్పుడు పరిశోధకులు చూపించారు. ఇంత తెలిసి కూడా పెద్దల కంప్యూటర్లలో ఒరిజినల్ హెచ్‌టీఎంఎల్ పెట్టడం నాకు బాధ్యతగా అనిపించదు.

మారతహళ్ళి కార్యదర్శి
సాదాసీదా గారు భయపెట్టినంత ప్రమాదం లేదు. బయటి సర్వరులో ఉన్న బొమ్మలను థండర్‌బర్డ్ తనంతట తాను తెరవదు. పైన ఒక పట్టీ చూపించి మన అనుమతి అడుగుతుంది, కాబట్టి మీరు చెప్పిన గూఢచారి బొమ్మ అక్కడే ఆగిపోతుంది. జీమెయిల్ అయితే 2013 డిసెంబరు నుంచి బొమ్మలను తన సర్వర్ల మీదుగానే తెచ్చి చూపిస్తోంది. ఇక పెద్దల మాట. మా సముదాయంలో నెలనెలా నోటీసు పంపేది నేనే. నీటి ట్యాంకరు ఖర్చు, నిర్వహణ రుసుము, గడువు తేదీ పట్టికగా ఉంటేనే వారికి అర్థమవుతాయి. టైపు చేసి పంపిన రోజుల్లో అదే పట్టికను ప్లెయిన్ టెక్స్ట్‌లో చూస్తే అంకెలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, ఏ ఫ్లాటుకు ఎంతో తెలియక అందరూ నాకే ఫోను చేసేవారు. శుభలేఖ అచ్చు వేయించేటప్పుడు ఏ అక్షరం ఎక్కడ పెద్దదిగా ఉండాలో పెళ్ళివారు నిర్ణయిస్తారు గానీ అందుకున్నవారు కాదు కదా.

వత్తుల బాధితుడు
ఈ వాదన ఎటు తేలినా ఒకటి మాత్రం సరిచేయండి. ప్లెయిన్ టెక్స్ట్ సందేశాలకు స్థిర వెడల్పు ఫాంటు వాడే ఏర్పాటు ఒకటి ఉంటుంది, తెలుగుకు అది పనికిరాదు. సెట్టింగ్స్‌లో భాష, రూపు విభాగంలోని ‘అడ్వాన్స్‌డ్’ తెరిచి, అక్కడ తెలుగు ఎంచుకుని, ఆ టిక్కు తీసేయండి. కనీస అక్షర పరిమాణం కూడా అక్కడే పెంచవచ్చు. జాబితా సాంద్రతను ‘కాంపాక్ట్’లో ఉంచితే నా తెరమీద ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటల అడుగు వత్తులు పక్క వరుసకు తగులుతున్నాయి.

సాదాసీదా
శుభలేఖ వచ్చిందని మనం ఎవరికీ జరిమానా కట్టం. కార్యదర్శి గారు చెప్పిన పట్టిక సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే మా సముదాయం కూడా ఇలాంటి నోటీసులే పంపుతుంది. పోయిన వేసవిలో ట్యాంకర్ల అదనపు రుసుము గురించి వచ్చిన మెయిలులో నాకు కనిపించింది ‘ప్రియమైన నివాసులకు’ అన్న ఒక్క వరుస, దాని కింద సంఘం పేరు. మొత్తమూ, గడువూ ఒక బొమ్మలో ఉన్నాయట, ఆ బొమ్మ ఎక్కడో సర్వరులో ఉందట. గడువు దాటిందని ఆలస్య రుసుము వేశారు. అడిగితే, మెయిలు వెళ్ళింది కదా అన్నారు.

మారతహళ్ళి కార్యదర్శి
చూశారా, ఆ నష్టం మీ ప్లెయిన్ టెక్స్ట్ వల్లనే జరిగింది. ఒరిజినల్ హెచ్‌టీఎంఎల్‌లో ఉంచి ఉంటే అనుమతి అడిగే పట్టీ కనిపించేది, నొక్కితే బొమ్మ వచ్చేది. అద్దాలు తీసి పక్కన పెట్టి, ఉత్తరంలో అక్షరాలు లేవని పంపినవారిని నిందించడం ఏం న్యాయం?

కోరమంగళ నుంచి
మధ్యలో సింపుల్ హెచ్‌టీఎంఎల్ ఉంది కదండీ, దాని పేరు ఎవరూ ఎత్తరేం?

సాదాసీదా
అద్దాలన్నది చూపు లేని మాట. మెయిలు ప్రమాణం ఏమంటోందో చూడండి. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2046 అనే ప్రమాణ పత్రంలో ‘మల్టీపార్ట్ ఆల్టర్నేటివ్’ అనే పద్ధతి ఉంది. ఒకే సందేశాన్ని సాదా పాఠంగానూ, అలంకరించిన రూపంలోనూ కలిపి పంపి, ఏది చూడాలో చదివేవారి ప్రోగ్రాముకు వదిలేయడం దాని ఉద్దేశం. రెండు భాగాల్లోనూ సమాచారం ఒకటే ఉండాలి. సాదా భాగాన్ని దాదాపు ఖాళీగా పంపి, అసలు విషయాన్ని బొమ్మలో దాచినవారు నా సెట్టింగును తప్పుపట్టడం విడ్డూరం. మీ సముదాయంలో తెరపాఠక సాఫ్ట్‌వేరు వాడే అంధులు ఎవరైనా ఉన్నారా? ఆ బొమ్మలోని రుసుము ఎంతో వారికి ఎవరు చదివి పెడతారు?

మారతహళ్ళి కార్యదర్శి
ఇప్పుడు నేనూ నోటీసును బొమ్మగానే పంపుతున్నాను, ఎందుకో ఒక్కరూ అడగలేదు. నోటీసు కన్నడంలో, ఇంగ్లీషులో, తెలుగులో వెళ్ళాలి. మొదట అక్షరాలుగానే పంపాను. కొందరి పాత ఫోనుల్లో కన్నడ ఒత్తక్షరాలు విడిపోయాయి, మరికొందరికి తెలుగు స్థానంలో గడులు వచ్చాయి. సంఘ సమావేశంలో నిలబెట్టి, కార్యదర్శికి కన్నడం రాయడం రాదని నన్నే అన్నారు. ఆ తర్వాత బొమ్మ చేసి పంపాను, ఫిర్యాదులు ఆగిపోయాయి. జీతం లేని పదవి ఇది. ప్రతి ఇంటివారు ఏ మెనూలో ఏ గీత నొక్కారో విచారించి ఎవరికి వారికి ఒక నోటీసు తయారుచేయడం నావల్ల కాదు. పంపడం వరకే నా పని.

సాదాసీదా
ఇప్పుడు అసలు విషయం బయటికి వచ్చింది. మీ శ్రమను నేను కాదనను, సమావేశంలో మిమ్మల్ని అన్న మాట తప్పే. కానీ పంపడంతో మీ పని అయిపోయిందంటే గడియారం కూడా పంపిన నిమిషం నుంచే తిరగడం మొదలవుతుంది. నేను వద్దంటున్నది అది. ప్లెయిన్ టెక్స్టా, హెచ్‌టీఎంఎల్లా అన్నది నాకు రెండో విషయం. చదవడానికి వీల్లేని నోటీసు మీద గడువు లెక్కపెట్టకూడదు.

మారతహళ్ళి కార్యదర్శి
చదవలేదు అన్న ప్రతివారికీ గడువు పొడిగిస్తే ట్యాంకరువాడికి డబ్బు ఎవరిస్తారు? వాడు నా సెట్టింగు అడగడు, మీ సెట్టింగూ అడగడు.

వత్తుల బాధితుడు
కార్యదర్శి గారూ, అక్షరాలు విడిపోయేది ఆ పరికరంలో తగిన ఫాంటు లేకనో, పాత సాఫ్ట్‌వేరు వల్లనో. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఫాంటు ఉంది, అందులో కన్నడమూ తెలుగూ రెండూ ఉన్నాయి. కనీసం కంప్యూటర్లలో చదివేవారికి బొమ్మ అవసరం లేదు.

జయనగర్ పాఠకుడు
చర్చ చదివాక నేను ఇలా పెడుతున్నాను. అందరికీ సింపుల్ హెచ్‌టీఎంఎల్. పంపినవారి శైలిని వడకట్టినా, అమరిక అంతా చెరిగిపోదు. దానితోపాటు ‘సందేశాలు వేరే ఫాంట్లు వాడటానికి అనుమతి’ అన్న టిక్కు తీసేస్తున్నాను, కాబట్టి పంపినవారి ఫాంటు ఏదైనా మా పెద్దలు కోరుకున్న అక్షరాలే కనిపిస్తాయి. బొమ్మలో వచ్చే నోటీసు మాత్రం ఒరిజినల్‌కు మార్చి చూసుకోవాలి, అదెలాగో కాగితం మీద రాసి ల్యాప్‌టాపుకు అంటిస్తాను. కార్యదర్శి గారికి ఒక మనవి: బొమ్మ అలాగే ఉంచి, దాని కింద కట్టాల్సిన మొత్తం, గడువు తేదీ రెండు వరుసల్లో ఇంగ్లీషు అంకెలతో టైపు చేస్తే ఏ ఫోనులోనూ విడిపోవు.

మారతహళ్ళి కార్యదర్శి
రెండు వరుసలు చేరుస్తాను. ఆలస్య రుసుము నియమం మాత్రం మారదు, అది సర్వసభ్య సమావేశం చేసిన తీర్మానం.

సాదాసీదా
అయితే వచ్చే సర్వసభ్య సమావేశంలో మా సంఘాన్ని నేను అడగబోయేది కూడా అదే నియమం గురించి. మెయిలు సెట్టింగు గురించి కాదు.