ఎఫ్ఐ తీసేసి కార్బొరేటర్ పెట్టించాలా? పాత జెడ్ఎంఆర్ వేడెక్కితే ఆగిపోతోంది

ఖమ్మం జెడ్ఎంఆర్:

అందరికీ నమస్కారం. నా బండి 2011 కరిజ్మా జెడ్ఎంఆర్, 223 సీసీ, ఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు పంపు, ఇంజెక్టర్‌తో పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్). 68 వేల కిలోమీటర్లు తిరిగింది. నాన్న కొనిచ్చిన బండి, అమ్మే ఉద్దేశం లేదు.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. ముప్పై నలభై కిలోమీటర్లు ఎండలో నడిచి ఊళ్లోకి వచ్చి స్లో చేస్తే మాత్రం టక్కున ఆగిపోతుంది. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. పది నిమిషాలు నీడలో పెడితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. పోయిన ఆదివారం అమ్మ వెనక కూర్చుని ఉండగా ఎల్బీనగర్ ట్రాఫిక్ మధ్యలో ఆగిపోయింది. బస్సు వెనక హారన్ కొడుతుంటే బండిని పక్కకి తోసేసరికి చేతులు వణికాయి.

ఇప్పటిదాకా ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్ మార్చాను. ఇంజెక్టర్ రెండుసార్లు క్లీన్ చేయించాను. ట్యాంకులో పంపు జాలి కూడా కొత్తది వేశారు. ఎఫ్ఐ లైటు వెలగడం లేదు. ఇరవై ఏళ్లుగా మా ఇంటి బండ్లు చూస్తున్న మెకానిక్ మాత్రం "ఇదంతా పీకేసి పాత కరిజ్మా కార్బొరేటర్, స్పార్క్ టైమింగ్ చూసే సీడీఐ డబ్బా పెట్టేద్దాం, పద్నాలుగు వేలలో అయిపోతుంది" అంటున్నాడు. ఆయన మంచివాడు, డబ్బు కోసం చెప్పే మనిషి కాదు. మీరేమంటారు?

సూర్యాపేట షెడ్డు:

తమ్ముడూ, మీ మెకానిక్ చెప్పింది సబబే. నేను హైవే పక్కన 22 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను. అనుభవంతో చెప్తున్నాను, కోపం తెచ్చుకోవద్దు.

2003లో వచ్చిన మొదటి కరిజ్మా కూడా 223 సీసీయే, కార్బొరేటర్‌తోనే వచ్చింది. అంటే ఈ ఇంజన్‌కి కార్బొరేటర్ కొత్త కాదు. పల్సర్ 220 సంగతి చూడు. 2007లో ఎఫ్ఐతో దింపారు, 2009లో కంపెనీ వాళ్లే ఎఫ్ఐ తీసి కార్బొరేటర్ పెట్టి అమ్మారు. ఆ బండి ఎన్నేళ్లు నడిచిందో అందరికీ తెలుసు.

రాత్రి తొమ్మిదింటికి కోదాడ దాటాక బండి ఆగిందనుకో. కార్బొరేటర్ అయితే బౌల్ విప్పి, జెట్ ఊది, అరగంటలో పంపిస్తా. ఎఫ్ఐ అయితే నా దగ్గర స్కానర్ లేదు, పంపు లేదు, నీ మోడల్ సెన్సర్ అసలే లేదు. ఆటోలో ఎక్కించి పంపడం తప్ప ఏం చేయను? పదిహేనేళ్ల బండికి పార్టు కోసం తుక్కు దుకాణాల చుట్టూ తిరగాలి. అక్కడ తెచ్చిన పంపు ఎన్నాళ్లు ఆడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఓం మీటర్:

షెడ్డు అన్నా, రాత్రిపూట రోడ్డు మీద ఆగిన మనిషి గురించి మీరు చెప్పింది నిజం. కానీ ఈ బండికి రోగమేంటో ఎవరూ ఇంకా కొలవలేదు. ప్లగ్గు, ఫిల్టర్, ఇంజెక్టర్, జాలి వరసగా అన్నీ మార్చారు తప్ప మీటర్ పెట్టి చూసింది లేదు. ట్యాపెట్ (వాల్వు దగ్గర ఉండాల్సిన సందు) బిగుసుకుపోయో, స్పార్క్‌కి సిగ్నల్ ఇచ్చే పికప్ కాయిల్ వేడికి లోపల తెగినట్టయ్యో బండి ఆగుతుంటే కార్బొరేటర్ పెట్టాక కూడా ఎల్బీనగర్‌లోనే ఆగుతుంది. పద్నాలుగు వేలు పోతాయి, ఎఫ్ఐ కూడా పోతుంది.

ఖమ్మం తమ్ముడూ, మీరు రాసిన వాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది "సెల్ఫ్ బాగానే తిరుగుతుంది" అన్న మాట. దాన్ని బట్టి కరెంటు అంతా బాగుందనుకోవద్దు. సెల్ఫ్ మోటారుకి బ్యాటరీ నుంచి లావు కేబుల్ మీద నేరుగా వస్తుంది. పంపుకీ, ఎఫ్ఐని నడిపే కంప్యూటర్ అయిన ఈసీఎంకీ వచ్చే కరెంటు ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్, కప్లర్లు (తీగలు కలిసే ప్లాస్టిక్ జాయింట్లు) దాటి రావాలి. పదిహేనేళ్ల కప్లర్‌లో పిన్ను నల్లబడితే చల్లగా ఉన్నప్పుడు కరెంటు వస్తుంది, వేడెక్కితే ఓల్టేజి పడిపోతుంది. పంపు నీరసంగా తిరుగుతుంది. స్లోలో మ్యాగ్నెట్ ఇచ్చే చార్జింగ్ కూడా తక్కువే, అందుకే హైవే మీద తెలియదు, సిగ్నల్ దగ్గర బయటపడుతుంది.

ఎఫ్ఐ లైటు వెలగలేదని కూడా ధైర్యపడకండి. ఇలాంటి బండ్లలో పెట్రోలు ప్రెషర్ కొలిచే సెన్సర్ ఉండదు. పంపు సగం ప్రెషర్ ఇచ్చినా ఈసీఎంకి తెలియదు, తన లెక్క ప్రకారం ఇంజెక్టర్ తెరుస్తూనే ఉంటుంది. లైటు వెలగాలంటే ఏదో ఒక సెన్సర్ తీగ తెగాలి, లేదా రీడింగ్ హద్దు దాటాలి. ఈసీఎం మెమరీలో పాత తప్పు కోడ్ ఉందేమో మాత్రం చూడండి. పీజీఎం-ఎఫ్ఐ అనే హోండా వాళ్ల ఎఫ్ఐ పద్ధతిలో సర్వీస్ కనెక్టర్ షార్ట్ చేసి ఇగ్నిషన్ ఆన్ చేస్తే లైటు మెరుపులతో నంబరు చెబుతుంది. పొడుగు మెరుపు పది, పొట్టి మెరుపు ఒకటి. 1 అయితే మ్యాప్ (గాలి ప్రెషర్) సెన్సర్, 7 ఇంజన్ టెంపరేచర్ సెన్సర్, 8 థ్రాటిల్ సెన్సర్, 12 ఇంజెక్టర్, 21 ఆక్సిజన్ సెన్సర్. మీ బండి మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకోండి.

ఇక పరీక్ష. బండి చల్లగా ఉన్నప్పుడు చేస్తే లాభం లేదు, ఆగిపోయినప్పుడే చేయాలి. ఒక మంచి ప్లగ్గు, నాలుగు వందల మల్టీమీటరు సీటు కింద పెట్టుకుని తిరగండి. ఆగగానే ఇగ్నిషన్ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. ట్యాంకు దగ్గర చెవి పెడితే రెండు సెకన్లు పంపు గుయ్‌మనాలి. తర్వాత క్యాప్‌లో ఆ విడి ప్లగ్గు పెట్టి, ఇంజన్ లోహానికి ఆనించి, పెట్రోలు వాసన లేని చోట స్పార్క్ చూడండి. స్పార్క్ లేకపోతే పికప్ కాయిల్, ఇగ్నిషన్ కాయిల్ వైపు వెళ్లాలి. స్పార్క్ ఉండి పంపు మూలుగుతున్నట్టు వినిపిస్తే, పంపు తిరిగే ఆ రెండు సెకన్లలో దాని కప్లర్ దగ్గర ఓల్టేజి, బ్యాటరీ దగ్గర ఓల్టేజి రెండూ చూడండి. అర ఓల్టు తేడాకే నాకు అనుమానం వస్తుంది. ఒకటిన్నర ఓల్టు దాటితే దొంగ దొరికినట్టే. ఎర్త్ వైపు కూడా అలాగే చూడాలి. బ్యాటరీ మైనస్‌కీ ఇంజన్ లోహానికీ మధ్య ఓల్టులో పదో వంతు మించి ఉండకూడదు.

వేడి ఇంజన్ మీద పెట్రోలు పైపు మాత్రం విప్పకండి. చాలా బండ్లలో లైన్‌లో 3 బార్ దగ్గర ప్రెషర్ ఉంటుంది, సైలెన్సర్ మీద చిమ్మితే మంట లేస్తుంది.

సూర్యాపేట షెడ్డు:

ఓం మీటర్ తమ్ముడూ, చదువుకున్నవాడివి, బాగా చెప్పావు. వేడి మీద కొలవాలన్న మాట నేను ఒప్పుకుంటాను. కానీ నా షెడ్డుకి వచ్చే పది మందిలో తొమ్మిది మందికి కూలి నష్టం. రెండు రోజులు బండి ఉంచుకుని కొలుస్తానంటే ఉండరు. వాళ్ల కోసం ఆలోచించి ఆ మాట చెప్పాను.

నెల్లూరు బుల్లబ్బాయి:

నేను మూడేళ్ల క్రితం ఇదే బండికి ఇదే పని చేయించాను. ఎఫ్ఐ పీకించి కార్బొరేటర్ పెట్టించాను. రెండు వైపులా చూసినవాణ్ని కాబట్టి రాస్తున్నాను.

పద్నాలుగు వేలలో అయిపోతుందన్న మాట నమ్మకండి. కార్బొరేటర్ బిగించడం సులువే. కష్టం అంతా ఇగ్నిషన్‌లో ఉంది. ఈ బండిలో స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో కూడా ఈసీఎమ్మే నిర్ణయిస్తుంది, దాన్ని తీసేస్తే సీడీఐ కావాలి. నాకు సీడీఐ పెట్టాక టైమింగ్ కుదరలేదు, చివరికి పాత కరిజ్మా మ్యాగ్నెట్, పికప్ కాయిల్ కూడా కొనాల్సి వచ్చింది. ట్యాంకుకి కింద పెట్రోలు కాక్ లేదు, పంపు ప్లేట్ ఉన్నచోట మూత వేసి కాక్ వెల్డింగ్ చేయించాం. ఆరు నెలలకి ఆ వెల్డింగ్ దగ్గర చెమర్చింది. ఇంజన్ పైన పెట్రోలు తడి చూసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. అన్నీ కలిపి ఇరవై ఆరు వేలు అయింది.

ఇప్పుడు బండి ఆగడం లేదు, అది నిజం. మైలేజి 38 నుంచి 33కి పడింది. చలికాలంలో లంబసింగి వెళ్తే ఘాట్ పైన బరువుగా లాగింది, ఎఫ్ఐ ఉన్నప్పుడు ఆ తేడా తెలిసేది కాదు. పొల్యూషన్ చెకింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం హద్దు దాటి రెండుసార్లు వెనక్కి పంపారు, మిక్స్చర్ స్క్రూ తిప్పి తిప్పి తెచ్చుకున్నాను. మళ్లీ మొదటి నుంచి చేయమంటే చేయను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. నా బండిలో ఈసీఎమ్మే పోయింది, నీళ్లు దిగి. ఆ పార్టు ఎక్కడా దొరకలేదు. నాలాంటి పరిస్థితిలో ఉన్నవాడికి వేరే దారి లేదు.

గాజువాక పెట్రోలు:

ఎవరూ ఇథనాల్ మాట ఎత్తలేదు. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోల్లో పది శాతం ఇథనాల్ కలపడం పూర్తయింది, 2025కి ఇరవైకి వచ్చింది. 2011 బండి దానికోసం తయారైంది కాదు. ఇథనాల్ కలిపిన పెట్రోలు త్వరగా ఆవిరవుతుంది, నీళ్లు పీల్చుకుంటుంది, పాత రబ్బర్లని ఉబ్బిస్తుంది. వేడి మీద ఆగుతోందంటే నాకు మొదట దాని మీదే అనుమానం. కార్బొరేటర్ పెట్టుకుంటే ఈ సున్నితమైన పంపు, ఇంజెక్టర్ గొడవ ఉండదు.

ఓం మీటర్:

గాజువాక గారూ, రబ్బరు విషయంలో మీతో ఏకీభవిస్తాను. పాత పెట్రోలు పైపులు, ఓ రింగులు మార్చుకోవాల్సిందే. నెలల తరబడి కదలకుండా పెట్టిన బండిలో నీళ్లు అడుగున చేరితే, పంపు పీల్చేది కూడా అడుగు నుంచే కాబట్టి ఆ నీళ్లే ముందు వెళ్తాయి. కానీ తమ్ముడి బండి రోజూ తిరుగుతోంది.

కార్బొరేటర్ పెడితే ఇథనాల్ గొడవ పోతుందన్నది మాత్రం తప్పు. మామూలు పెట్రోలు ఒక వంతు కాలడానికి బరువు లెక్కన 14.7 వంతుల గాలి కావాలి. ఇరవై శాతం ఇథనాల్ ఉంటే 13.5 దగ్గర సరిపోతుంది. అంటే పెట్రోలు కాస్త ఎక్కువ పంపాలి. ఆక్సిజన్ సెన్సర్ పని చేస్తున్న ఎఫ్ఐ కొంత మేరకు దాన్ని కనిపెట్టి సర్దుకుంటుంది. కార్బొరేటర్ జెట్‌కి ఆ తెలివి లేదు, రంధ్రం ఎంత ఉంటే అంతే పోతుంది, ఇంజన్ లీన్‌గా (పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువై) నడిచి ఇంకా వేడెక్కుతుంది. మైలేజి మాటకొస్తే, పాత టూవీలర్లకి 3, 4 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికలోనే ఉంది. అది తగ్గుదల, ఆగిపోవడం కాదు.

గాజువాక పెట్రోలు:

లీన్ గురించి మీరు చెప్పింది నేను ఆలోచించలేదు, సరే. అయినా వేడిలో పెట్రోలు ఆవిరై పంపు గాలి తిరగడం నేను చూశాను, అదీ ట్యాంకు అడుగంటినప్పుడు. తమ్ముడూ, ఫుల్ ట్యాంకుతో ఒకసారి, రిజర్వ్‌తో ఒకసారి నడిపి చూడండి. దానికి ఖర్చేమీ లేదు కదా.

ఖమ్మం జెడ్ఎంఆర్:

పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. అందరూ చెప్పినవి ఒక్కొక్కటి చేశాను.

ట్యాంకు నిండుగా ఉన్నా ఆగింది, రిజర్వ్‌లో ఉన్నా ఆగింది. కాబట్టి గాజువాక గారి అనుమానం ఈ బండికి వర్తించలేదు. మెమరీలో కోడ్ ఏదీ లేదు. కొత్తగూడెం నుంచి వస్తుంటే జూలూరుపాడు దగ్గర ఆగింది. బండి ఆగినందుకు మొదటిసారి సంతోషం వేసింది, మీటరు చేతిలో ఉంది కదా. స్పార్క్ నీలంగా, గట్టిగా వచ్చింది. పంపు మాత్రం ముసలాయన దగ్గినట్టు వినిపించింది. బ్యాటరీ దగ్గర 12.5, పంపు కప్లర్ దగ్గర 10.4.

ఇంటికొచ్చి మెకానిక్ అన్నతో కలిసి కూర్చుని హెడ్‌లైట్ డూమ్ విప్పాం. నాలుగేళ్ల క్రితం వేయించిన ఫాగ్ లైట్ల కరెంటుని ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చే తీగని కోసి, మెలేసి, టేపు చుట్టి తీసుకున్నారు. టేపు కింద తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది. స్విచ్ కప్లర్‌లో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మాడింది. తీగ సోల్డర్ చేశాం, కప్లర్ మార్చాం, ఫాగ్ లైట్లకి బ్యాటరీ నుంచి విడిగా రిలే, ఫ్యూజు పెట్టాం. మొత్తం 640 రూపాయలు. ఇప్పుడు పంపు దగ్గర 12.3 వస్తోంది.

అక్కడితో పూర్తిగా పోలేదు. తర్వాత ఒకసారి వేడి మీద స్లో తగ్గి ఆగింది, కానీ వెంటనే స్టార్ట్ అయింది. ట్యాపెట్ కూడా చూడమని ఓం మీటర్ అన్న మొదట్లోనే అన్నారు, నేనే పట్టించుకోలేదు. బండి రాత్రంతా చల్లారాక చూస్తే ఎగ్జాస్ట్ ట్యాపెట్‌లో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) దూరలేదు. సెట్ చేశాక నాలుగు రోజులుగా ఆగలేదు.

సూర్యాపేట షెడ్డు:

మంచి మాట విన్నాను తమ్ముడూ. నెల్లూరు బుల్లబ్బాయి బండిలా ఈసీఎమ్మే పోయి, పార్టు దొరకని రోజు వస్తే మాత్రం నా మాట నా మాటే, కార్బొరేటరే దిక్కు. కానీ ఇవాళ మీటరు ఒకటి కొన్నాను. ఈ వారం వచ్చిన ఎఫ్ఐ బండికి ముందు పంపు కప్లర్ దగ్గర పెట్టి చూశాను, 12.4 వచ్చింది, దానికి నిజంగా పంపే పోయింది. ఖమ్మంలో నీకు పంపు ఎక్కడైనా కనిపిస్తే చెప్పు, ఆ కస్టమర్ ఎదురు చూస్తున్నాడు.

ఖమ్మం జెడ్ఎంఆర్:

రేపు కమాన్ బజార్ వైపు వెళ్తున్నాను, రెండు మూడు దుకాణాల్లో అడిగి చెప్తాను అన్నా. మోడల్, సంవత్సరం రాయండి.