ఎనిమిదేళ్ల జర్మన్ సెడాన్ కొనవచ్చా?
మాది భీమవరం. బావగారి స్నేహితుడు తన ఎనిమిదేళ్ల జర్మన్ లగ్జరీ సెడాన్‌ను కొత్త స్విఫ్ట్ ధరకే ఇస్తానంటున్నారు. ఆరు నెలలుగా అడిగిన నాథుడు లేడట. మా వైపు రొయ్యల చెరువుల మీద సంపాదించినవారు కూడా ఫార్చూనర్ లాంటి ఎత్తైన బండే కొంటారు. కాలువ గట్టు గుంతల్లో అడుగు తగిలే కారు ఎవరికి కావాలి? 2002 నుంచి 2016 వరకు తయారైన ఫోక్స్‌వ్యాగన్ ఫేటన్ అనే లగ్జరీ సెడాన్ ఎంత గొప్పదైనా, ముందు మామూలు కార్ల కంపెనీ గుర్తు ఉందని డబ్బున్నవారు మొహం చాటేశారు. మాకు ఇస్తానంటున్న కారుకు ఆ లోపమూ లేదు, గుర్తు చూస్తేనే గౌరవం! ఏనుగును మేపగలరా అని మా ఆవిడ అడుగుతోంది. వాడినవారు చెప్పండి: ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు బండిని మోసే ఏర్పాటు) పోతే ఖర్చు ఎంత? రాజమండ్రి, విజయవాడల్లో బయటి మెకానిక్‌లు దీన్ని ముట్టుకుంటారా?