సమస్య: పోయినట్టివాఁడె పోరు గెలిచె

సంచాలకుడు
మిత్రులకు నమస్కారం. నక్కలగుట్టలో చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద ఇద్దరు కుర్రాళ్ళు ఫుట్‌బాల్ మీద వాదించుకుంటున్నారు. మేనేజర్ డేవిడ్ మోయెస్ మళ్ళీ తన పాత ఇంగ్లండ్ క్లబ్బు ఎవర్టన్‌కు రావడం మంచిదా, పాత కూర వేడి చేసుకోవడమా అన్నది వాదన. "పోయినవాడే వచ్చి నిలబెట్టాడు కదా" అని ఒకడు బల్ల చరిచాడు. ఆ మాట విన్న క్షణం నుంచి ఈ పాదం నన్ను వదలలేదు.

పోయినట్టివాఁడె పోరు గెలిచె

ఇదే ఆఖరి పాదంగా ఆటవెలది పూరించండి. షరతు ఒక్కటే, పద్యంలో ఫుట్‌బాల్ ఉండాలి. వెళ్ళి తిరిగి వచ్చిన మేనేజర్ ఉంటే మరీ సంతోషం.

మడికొండ
ఈ సమస్య నా కోసమే ఇచ్చినట్టుంది. అందుకోండి.

మన యెవర్టనునకు మరల మోయిసు వచ్చె
పాత యూరు పిలువఁ బదవి నందె
దిగువ జారు జట్టు తీరముఁ జేరెను
పోయినట్టివాఁడె పోరు గెలిచె

2025 జనవరిలో ఆయన వచ్చేనాటికి జట్టు 16వ స్థానంలో ఉంది, కింది శ్రేణికి జారిపోయే ప్రమాద గీతకు ఒక్క పాయింటు పైన. సీజన్ ముగిసేసరికి 13వ స్థానం, 48 పాయింట్లు. సమస్యలో ఉన్నది ఇదే కథ.

వడ్డేపల్లి
మడికొండ గారూ, మొదటి పాదానికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. 'మన యెవర్టనునకు' అని ఆ పేరును మూడు గణాల్లో అంత సాఫీగా కూర్చోబెట్టడం నాకు చేతకాదు. ఇక మూడో పాదం. జారేది కొండ మీద నుంచి, చేరేది సముద్రం లోంచి. దిగువకు జారిన జట్టు తీరానికి ఎలా చేరింది? 'దిట్టగ నిలిచెను' అంటే యతీ నిలుస్తుంది, అర్థమూ నిలుస్తుంది.

అసలు అభ్యంతరం వేరు. 13వ స్థానం గెలుపా? 'పోరు గెలిచె' అనడానికి ఒక కప్పయినా ఉండాలి. ఆయన మొదటి విడతలో 2002 నుంచి 2013 దాకా ఉన్నారు, ఒక్క కప్పూ రాలేదు. ఆ క్లబ్బు చివరిసారి కప్పు ఎత్తింది 1995లో.

మడికొండ
తీరం మీద అభ్యంతరమా? గుడిసన్ పార్కును వదిలి ఆ జట్టు చేరింది మెర్సీ నది ఒడ్డున రేవులో కట్టిన కొత్త మైదానానికి. 52 వేల మందికి పైగా పట్టే మైదానం. అక్కడ ఆడిన మొదటి లీగు మ్యాచ్‌లో బ్రైటన్‌ను 2-0తో ఓడించింది. 'తీరముఁ జేరెను' అన్నప్పుడు నా మనసులో ఉన్నది ఆ నీళ్ళే. 'దిట్టగ' అన్న మాటలో నీళ్ళు లేవు, అందుకే తీసుకోను.

ఇక గెలుపు మాట. 1954 నుంచి ఒక్క ఏడాది కూడా పై శ్రేణి వదలని క్లబ్బు అది. 2023లో ఆఖరి రోజు దాకా ప్రాణం గొంతులో పెట్టుకుని, బోర్న్‌మత్ మీద ఒక్క గోలుతో బయటపడింది. మరుసటి సీజన్‌లో ఆర్థిక నిబంధనల కింద మొత్తం 8 పాయింట్లు కోసేశారు. అలాంటి ఇల్లు కూలకుండా నిలబెట్టడం గెలుపు కాదంటే, కూలిపోవడాన్ని మీరు దగ్గరగా చూడలేదని అర్థం. కప్పుల క్లబ్బులను అభిమానించేవాళ్ళకు ఇది తెలియదు.

మట్టెవాడ
నేను రియల్ మాడ్రిడ్‌ను నడిపించిన జిదాన్ వైపు వెళ్తాను.

మూఁడు కప్పు లిచ్చి ముగిసె నా పని యని
వీడి చనె జిదాను, వేడుకొనఁగ
మరల వచ్చి లీగు మకుటముఁ దాల్చెను
పోయినట్టివాఁడె పోరు గెలిచె

కాజీపేట
అమ్మా, రెండో పాదం చివర 'వేడుకొనఁగ' అని ఆగి, తర్వాతి పాదంలోకి దూకడం చాలా నచ్చింది. జిదాన్ 2018 మే నెలలో వెళ్ళి 2019 మార్చిలో తిరిగి వచ్చిన తీరు కూడా అంతే, ఒక్క ఊపిరి విరామం.

వడ్డేపల్లి
ధార బాగుంది, కాదనను. కానీ సమస్యలో ముల్లు 'పోయిన' దగ్గర ఉంది. వినగానే 'చనిపోయిన' అని తోచాలి, పద్యం దాన్ని విరిచి చూపాలి. మడికొండ గారు, మట్టెవాడ గారు ఇద్దరూ దాన్ని 'వెళ్ళిన' అనే అర్థంలోనే తీసుకున్నారు. ముల్లు ముల్లుగానే మిగిలింది. నా ప్రయత్నం చూడండి.

చెల్సి రానియేరిఁ జేజార విడిచెను
జోసె కొఱకు; పిదప జోసె యోడె;
లెస్టరునకు లీగు లేమినిఁ దీర్పఁగఁ
బోయినట్టివాఁడె పోరు గెలిచె

2004లో ఆ క్లబ్బు మేనేజర్ రానియేరిని పంపి జోసె మౌరిన్యోను తెచ్చుకుంది. అదే మౌరిన్యో 2013లో రెండోసారి వచ్చి, 2015లో లీగు గెలిచి, ఆ డిసెంబరులో రానియేరి నడిపిస్తున్న లెస్టర్ చేతిలో 2-1తో ఓడి, మూడు రోజులకే పదవి పోగొట్టుకున్నారు. 2016లో లీగు లెస్టర్‌ది. తిరిగి వచ్చినవాడు ఓడాడు, పంపేయబడ్డవాడు గెలిచాడు.

సంచాలకుడు
'తీర్పఁగఁ బోయినట్టివాఁడె'! లేమి తీర్చడానికి వెళ్ళినవాడు. క్రియను సమస్యలోకి కలిపి మొత్తం అర్థాన్నే తిప్పేశారు. దీని కోసమే సమస్యలు ఇచ్చేది.

మడికొండ
మెచ్చుకోవాల్సినదే, మెచ్చుకుంటున్నాను. అయితే రెండు మాటలు. ఒకటి, సమస్య పకారంతో ఇచ్చారు, ఈయన బకారంతో ముగించారు. ఇచ్చిన పాదాన్ని ముట్టుకోవచ్చా? రెండు, 'చెల్సి' ఏమిటి? చెల్సీ కదా! 'చేతితోడఁ దన్నెఁ జెండు నతఁడు' సమస్యకు నేను మారడోనా మీద రాసినప్పుడు 'అర్జెంటిన' అన్నానని ఎంత రాద్ధాంతం చేశారు! దేశం పేరును నలిపేశానని అన్నారు. ఆ పద్యంలో 1986 నాటి ఆ చేతి గోలును ఎంత శ్రద్ధగా పట్టుకున్నానో ఒక్కరూ చూడలేదు. ఇప్పుడు క్లబ్బు పేరును నలపడం న్యాయమా?

వడ్డేపల్లి
ఆ పద్యంలో లోపం దీర్ఘం ఒక్కటే కాదు. అంపైరు అని రాశారు, ఫుట్‌బాల్‌లో ఉండేది రిఫరీ. అది క్రికెట్ మైదానం నుంచి వచ్చిన మాట. దాన్ని కూడా గుర్తు చేస్తున్నాను.

మడికొండ
యతి కోసం వేసిన మాట అది. ఆ పాదం అకారంతో మొదలైంది, 'అంపైరు' తప్ప అక్కడ ఏదీ కుదరదు. మీరే ఏదైనా కూర్చి చూపండి.

మట్టెవాడ
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. చివరి దీర్ఘం వేరు, నడిమి దీర్ఘం వేరు. నదీ నది అవుతుంది, గౌరీ గౌరి అవుతుంది, రమా రమ అవుతుంది. తెలుగులోకి వచ్చిన పేరుకు చివరి దీర్ఘం పోవడం మన భాషకు సహజం. కాబట్టి చెల్సీ చెల్సి కావచ్చు. అర్జెంటీనా విషయంలో చివరి 'నా' 'న' అయితే నాకు అభ్యంతరం లేదు. నడుమ 'టీ'ని 'టి' చేయడమే తప్పు. పేరు గుండెకాయను తీసి గణంలో పెట్టినట్టు అవుతుంది.

బకారం సంగతి: 'తీర్పఁగ' ద్రుతాంతం (చివర నకారం దాగిన మాట), దాని వెంట వచ్చిన పకారం బకారం కావలసిందే. పూర్వం నుంచీ సమస్యల్లో ఒప్పుకున్న మార్పే. ప-బ యతికి కూడా ఇబ్బంది లేదు.

మడికొండ
వ్యాకరణం ఒప్పుకుంటాను. కానీ తిరిగి వచ్చిన మేనేజర్ గెలవలేదు కదా ఈయన పద్యంలో. సంచాలకుల కోరిక తీరలేదు.

వడ్డేపల్లి
రానియేరి తిరిగి రాని మనిషి అనుకుంటున్నారా? పాత క్లబ్బులైన కాల్యరికి, రోమాకు మళ్ళీ వెళ్ళారు. 2024 నవంబరులో రోమా 12వ స్థానంలో ఉండగా మూడోసారి వెళ్ళి, 5వ స్థానానికి తెచ్చారు. మోయెస్ గారి కథలో 'పోయిన' అనడానికి అసలైన చోటు మీరు వదిలేశారు. 2014 ఏప్రిల్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను నడిపిస్తూ గుడిసన్ పార్కులోనే ఎవర్టన్ చేతిలో 2-0తో ఓడారు. రెండు రోజులకు ఉద్యోగం పోయింది. ఏ ఊరి వల్ల పదవి పోయిందో ఆ ఊరే పిలిచి పదవి ఇచ్చింది. 'పాత యూరు పిలువ' అన్న పాదంలో ఈ బరువు పెట్టి ఉంటే నేను నోరు తెరిచేవాణ్ణి కాదు.

మడికొండ
ఈ ఒక్క మాటకు మీకు నమస్కారం. ఆ పాదాన్ని మళ్ళీ చూస్తాను. 2023లో వెస్ట్ హామ్‌తో యూరోపా కాన్ఫరెన్స్ లీగు కప్పు గెలిచి మరీ వచ్చాడన్నదీ అందులో ఇమిడితే బాగుండును. అదీ రెండోసారి వెళ్ళిన క్లబ్బే.

కాజీపేట
అందరూ ఇంగ్లండ్, స్పెయిన్ తిరుగుతున్నారు. నేను మన హైదరాబాదు గురువు దగ్గరికి వచ్చాను.

రహిము శిక్షణమున రాటుదేలిన జట్టు
జకరతాకు నేఁగి జయముఁ గోరి
మొదటి నాఁడు కొరియ ముందు రెండిట నోడి
పోయినట్టివాఁడె పోరు గెలిచె

1962 ఆసియా క్రీడలు. తొలి మ్యాచ్‌లో కొరియా మనల్ని 2-0తో ఓడించింది. ఫైనల్లో అదే కొరియాను మనం 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చాం. మన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు, మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించిన మనిషి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది ఆయన చేతి మీదుగానే. మన నేల మీద ఫుట్‌బాల్ పద్యం రాసేవాడు ఆయన పేరుతో మొదలుపెట్టాలి.

వడ్డేపల్లి
'ఓడి' అని పాదం చివర ఆపి 'పోయినట్టివాఁడె' అని కలిపిన విరుపు ఈ పుటలో అన్నిటికంటే తేలికైనది, అందుకే అన్నిటికంటే బలమైనది. నా 'తీర్పఁగఁ బోయిన' కంటే ఇది నాకే ఎక్కువ నచ్చింది. 'రెండిట' అని గోల్స్ లెక్క కూడా చెప్పేశారు.

మట్టెవాడ
నచ్చింది నాకూ. కానీ జట్టు 'వాఁడు' ఎలా అవుతుంది? జట్టు 'అది' కదా. రాటుదేలిన జట్టు, పోయినట్టివాఁడు, కర్త మారిపోయాడు.

మడికొండ
ఇందాకటి సూత్రం జకార్తాకు వర్తించదా? నడిమి దీర్ఘం పోయింది, 'ర్త' కూడా విడిపోయింది. నా అర్జెంటీనాకు ఒక న్యాయం, రహీం గారి పద్యానికి ఒక న్యాయం కుదరదు.

కాజీపేట
రహిము శిక్షణమున రాటుదేలినవాఁడు
జావ దీవి కేఁగి జయముఁ గోరి
మొదటి నాఁడు కొరియ ముందు రెండిట నోడి
పోయినట్టివాఁడె పోరు గెలిచె

మట్టెవాడ
'వాఁడు' అనగానే ఇప్పుడు ఒక మనిషి కళ్ళ ముందుకు వచ్చాడు. జర్నైల్ సింగ్. ఆ టోర్నీలో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రక్షణ వరుసలో ఆడేవాణ్ణి రహీం ముందు వరుసలోకి పంపారు, ఫైనల్లో గోలు కొట్టాడు. జట్టు అన్నప్పుడు ఈ ముఖం కనిపించలేదు. జావా చివరి దీర్ఘం పోవడం సబబే.

జనగామ
గురువులందరికీ నమస్కారం. పద్యం రాయడం ఈ మధ్యనే మొదలుపెట్టాను. మడికొండ గారిలా నాదీ ఎవర్టనే.

కప్పు లేదు గాని కాలము గడిపిరి
పదునొకండు నేండ్లు పాత గూట
కన్ను మూయఁ గలను గంటిని నిన్ననే
పోయినట్టివాఁడె పోరు గెలిచె

మట్టెవాడ
తమ్ముడూ, గణాలు, యతులు శుద్ధంగా ఉన్నాయి, అది చిన్న విషయం కాదు. 'పదునొకండు నేండ్లు' దగ్గర ఆ నకారం ఎక్కడి నుంచి వచ్చింది? పదునొకండు, ఏండ్లు కలిస్తే పదునొకండేండ్లు అవుతుంది, అప్పుడు గణం తప్పుతుంది. 'పదియు నొక్క యేఁడు పాత గూట' అనుకో. ఇంకొకటి, 'కన్ను మూయ' అంటే తెలుగువాడికి వేరే అర్థం వినిపిస్తుంది. 'కునుకు పట్టఁ గలను గుట్టుగఁ గంటిని' అంటే శుభంగా ఉంటుంది.

వడ్డేపల్లి
సమస్య కఠినంగా ఉన్నప్పుడు కలలోకి వెళ్ళడం అందరూ చేసే పనే. ఏ అసాధ్యమైనా కలలో సాధ్యం. ఆ తలుపు ఒకసారి తీస్తే మళ్ళీ మళ్ళీ తీయాలనిపిస్తుంది. వచ్చేసారి మెలకువగా ఉండి పూరించు బాబూ. నీ రెండు పాదాల్లోనే మంచి ముడి ఉంది. పాత గూట పదకొండేళ్ళు కప్పు లేదు, ఇప్పుడు గూడు మారింది, మనిషి అతడే. అక్కడి నుంచి విప్పుకుంటూ పో.

మడికొండ
కల అంటే తక్కువ చేయవద్దు. 1995 తర్వాత పుట్టిన ఎవర్టన్ అభిమానికి కప్పు కలలోనే కనిపించింది. ఈ అబ్బాయి పద్యంలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. జనగామ తమ్ముడూ, సవరించి మళ్ళీ పెట్టు, నేను చదువుతాను.

సంచాలకుడు
ఈ వారం మొదటి తాంబూలం కాజీపేట గారి సవరించిన పద్యానికి. రెండోది వడ్డేపల్లి గారి రానియేరికి. మడికొండ గారి మొదటి పాదాన్ని, మట్టెవాడ గారి 'వేడుకొనఁగ'ను విడిగా మెచ్చుకుంటున్నాను.

వచ్చే వారానికి ఇదిగో:

గోలు వేయకున్నఁ గొప్ప గెలుపు

మడికొండ
ఇది నాది, ముందే చెబుతున్నాను. 2009 ఎఫ్ఏ కప్పు సెమీఫైనల్, ఎవర్టన్, యునైటెడ్. అదనపు సమయం దాకా 0-0. పెనాల్టీల్లో 4-2తో గెలిచాం, మేనేజర్ మోయెస్. ఎవరూ ముట్టుకోవద్దు.

వడ్డేపల్లి
ముట్టుకోను. ఆ ఫైనల్లో 25 సెకన్లకే గోలు కొట్టి కూడా చెల్సీ చేతిలో 2-1తో ఓడారని నాలుగో పాదం తర్వాత ఎక్కడైనా రాయండి. చివరి దీర్ఘం మీ ఇష్టం.