చచ్చిన గుల్ల చెప్పే వేడిని నమ్మాలా?

శనివారం_శ్రోత:
మొన్న వైజాగ్‌లో ఒక కాలేజీలో సముద్రం మీద ఉపన్యాసమంటే మావాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లా. ఇరవై వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరిన రోజుల్లో, మన బంగాళాఖాతం పైనీళ్లు ఇప్పటికంటే 2-3 డిగ్రీలు చల్లగా ఉండేవని చెప్పారు. ఎలా తెలిసిందంటే, సముద్రం అడుగున బురదలోకి గొట్టం దింపి తీసిన మట్టిలో ఇసుకరేణువంత గుల్లలుంటాయట, ఫొరామినిఫెరా అనే ఒంటికణం జీవులవి. వాటిలో మెగ్నీషియం ఎంతుందో చూసి లెక్క కట్టారట. మావాడు బయటికొస్తూ, "నాన్నా, మనింట్లో థర్మామీటరే రెండుసార్లు పెడితే రెండు జ్వరాలు చూపిస్తుంది కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మీరేమంటారు?

గేజి_మాస్టారు:
మీవాడికి నా తరఫున మంచి పెన్ను కొనిపెట్టండి. ముప్పై రెండేళ్లు ఫర్నేసుల దగ్గర ఇన్‌స్ట్రుమెంటేషన్ చేసినవాణ్ణి. క్యాలిబ్రేషన్ చీటీ, అంటే తెలిసిన కొలతతో సరిచూశామన్న కాగితం, లేని గేజీని మేం లైను మీదికి రానిచ్చేవాళ్లం కాదు. ఈ గుల్లకి చీటీ ఎవరిచ్చారు? పైగా ఒక డిగ్రీ అటూ ఇటూ కావచ్చని వాళ్లే ఒప్పుకుంటారు. 2-3 డిగ్రీల తేడా చెప్పడానికి ఒక డిగ్రీ తప్పే గేజీయా!

కైలాసగిరి_గాలి:
ఇరవై వేల ఏళ్ల కిందటి నీళ్ల సంగతి తరవాత. మా మధురవాడ కుళాయిలో ఇవాళ్టి నీళ్లు ఎప్పుడొస్తాయో ఏ గుల్లన్నా చెబుతుందా?

బురద_బ్రష్షు:
చీటీ ఉంది మాస్టారూ. ఈ జీవి నీళ్లలోంచి కాల్షియం తీసుకుని గుల్ల కట్టుకుంటుంది. నీళ్లు వెచ్చగా ఉంటే కాల్షియం ఉండాల్సిన చోట మెగ్నీషియం ఎక్కువగా దూరుతుంది. డిగ్రీకి సుమారు 9 శాతం పెరుగుతుంది, అంటే 3 డిగ్రీలకి దాదాపు 30 శాతం. ఇది మిషను పట్టుకోలేనంత చిన్న తేడా కాదు. ల్యాబుల్లో, వేడి ఎంతో తెలిసిన నీళ్లలో పెంచి చూశారు. సముద్రంలో గరాటుల్లాంటి ట్రాపులు వేలాడదీసి, రాలే గుల్లల్ని వారాలవారీగా పట్టి, ఆ వారాల నీటి వేడితో సరిపోల్చారు. అలాంటి ట్రాపులు మన బంగాళాఖాతంలోనే 1987 నుంచి వేశారు, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్ఐఓ) వాళ్లూ జర్మనీలోని హాంబర్గ్ వాళ్లూ కలిసి. ఇది చీటీ కాదా?

జాలారిపేట_చిన్నోడు:
నాదో డౌటండి. మా తాత తెప్ప మీద కూకుని నీట్లో సెయ్యెట్టి సెప్పీసేవోడు. మార్చి నెల్లో అడుగు సల్లనీరు పైకి తన్నుకొచ్చేస్తాది, వల ఎక్కడెయ్యాలో మారిపోద్ది అనీవోడు. మరా గుల్లకి మార్చి నీరు తెలుసా, మే నీరు తెలుసా?

బురద_బ్రష్షు:
బాబూ, ఈ చర్చ మొత్తంలో ఇదే అసలు ప్రశ్న. మీ తాతగారు చెప్పినది 1950ల్లో లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త మన ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి, వాల్తేరు తీరంలో కొలిచి కాగితం మీద పెట్టాడు. గుల్ల విషయానికొస్తే, పైనీళ్లలో బతికే గ్లోబిజెరినాయిడెస్ రూబర్ అనే రకం బతుకంతా కొద్ది వారాలే. ఒక్కో గుల్ల తన వారాల వేడే చెబుతుంది. అందుకే ముప్పై గుల్లలు కలిపి కొలుస్తాం. ఏదైనా రుతువులో ఎక్కువ పుడితే సగటు అటే మొగ్గుతుంది, నిజమే. ఏ నెలలో ఎక్కువ రాలతాయో ట్రాపులు చెబుతాయి.

గేజి_మాస్టారు:
సగటు తీస్తే చెయ్యి వణుకు పోతుందమ్మా, జీరో ఎర్రర్ పోదు. ముప్పై కాదు, మూడు వేల గుల్లలు తీసుకోండి. గేజీ రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంటే సగటూ రెండు డిగ్రీలు ఎక్కువే చూపిస్తుంది.

బురద_బ్రష్షు:
మేం చెప్పేది తేడా. ఇప్పటి గుల్లనీ అప్పటి గుల్లనీ ఒకే గేజీతో చూసి తీసివేస్తే మీ జీరో ఎర్రర్ రెండు వైపులా కొట్టుకుపోతుంది.

గేజి_మాస్టారు:
ఇరవై వేల ఏళ్లు జీరో కదలకుండా కూర్చుందని మీకెవరు చెప్పారు? మా గేజీల జీరో ఆరు నెలలకే జారేది.

పాత_పుస్తకాల_సూరి:
మాస్టారి పక్షాన ఒక ముక్క. ఇదే గుల్లల్లో ఆక్సిజన్ ఐసోటోపులు, అంటే తేలిక ఆక్సిజనూ బరువు ఆక్సిజనూ, చూసి వేడి చెప్పొచ్చని 1947లో హెరాల్డ్ యూరీ అనే శాస్త్రవేత్త అన్నాడు. 1955లో ఎమిలియానీ ఆ పద్ధతితో మంచుయుగాల వేడి గీతలు గీశాడు. 1967లో షాకిల్టన్ వచ్చి, అందులో ఎక్కువ భాగం వేడి కాదు, నేల మీద పేరుకున్న మంచు లెక్క అన్నాడు. పన్నెండేళ్లు అందరూ మంచు కొలుస్తూ వేడి కొలుస్తున్నామనుకున్నారు!

బురద_బ్రష్షు:
సూరిగారూ, ఆ తప్పు పట్టుకున్నదీ గుల్లల వాళ్లే కదా. తేలికైన ఆక్సిజన్ ఆవిరై వెళ్లి మంచులో ఇరుక్కుపోతే సముద్రంలో బరువైనది మిగులుతుంది. అప్పట్లో సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్లకు పైగా కింద ఉండేది, అంత నీరు మంచైంది మరి. ఆ చిక్కు వల్లే కదా వేడి కోసం మెగ్నీషియం వెనక పడ్డది.

మాస్టారూ, జీరో జారుతుంది, ఒప్పుకుంటాను. ఉప్పు పెరిగినా మెగ్నీషియం కాస్త పెరుగుతుంది. మన సముద్రంలో అది పెద్ద సంగతే. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి అన్నీ ఇందులోకే వస్తాయి కాబట్టి పైనీరు అరేబియా సముద్రం కన్నా చప్పన. మంచుయుగంలో వానలు తగ్గి ఇక్కడ ఉప్పు పెరిగింది. అంటే గుల్ల నిజం కన్నా కాస్త వెచ్చగా చూపిస్తుంది. సవరిస్తే చలి ఇంకా పెరుగుతుందే గానీ తగ్గదు. తప్పు ఎటువైపో తెలిసిన గేజీని మీరు లైను మీంచి పీకేస్తారా?

గేజి_మాస్టారు:
పీకను. పక్కన ఇంకో గేజీ పెడతాను. మీకు రెండో గేజీ ఉందా?

బురద_బ్రష్షు:
ఉంది. కొన్ని నాచుజీవులు ఆల్కెనోన్లనే కొవ్వులాంటి పదార్థం వదులుతాయి, దాని నిర్మాణం వేడిని బట్టి మారుతుంది. కానీ నిజం చెప్పాలి. 28, 29 డిగ్రీలు దాటితే ఆ గేజీ ముల్లు చివరికి కొట్టుకుని ఆగిపోతుంది. మన సముద్రం ఏడాదిలో చాలా నెలలు అక్కడే ఉంటుంది.

గేజి_మాస్టారు:
హహ్హహ్హ! రెండో గేజీ స్కేలు మన సముద్రం దగ్గరే అయిపోయింది. ఇక నేను చెప్పడానికేముంది?

ఎర్రమట్టి_దిబ్బ:
మంచుయుగం మాటొచ్చింది కాబట్టి, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు కూడా సముద్రం వెనక్కి తగ్గినప్పటి కథే చెబుతాయంటారు. ఆదివారం వెళ్లి చూడండి. ప్లాస్టిక్ కవర్లు పడెయ్యకండి.

బురద_బ్రష్షు:
నవ్వండి మాస్టారూ. నేను నాలుగేళ్లు మైక్రోస్కోపు మీద వంగి, మూడు సున్నాల సన్నటి బ్రష్షు తడిపి ఒక్కో గుల్ల ఏరాను. గోదావరి బంకమట్టిలోనూ మెగ్నీషియం ఉంటుంది. అది గుల్ల గదుల్లో ఇరుక్కుంటే వేడి అబద్ధంగా పెరుగుతుంది. అందుకని గుల్ల పగలగొట్టి, నీళ్లతో, మిథనాల్‌తో, మళ్లీ నీళ్లతో కడిగేదాన్ని. ఇలా దాదాపు రెండొందల శాంపిళ్లు. మా దగ్గర మిషను లేదు, వేరే ఊరు పంపాలి. పదకొండు నెలలు క్యూలో ఉన్నాక, నంబర్లు చెరిగిపోయాయంటూ సగం వెనక్కొచ్చాయి. ఫెలోషిప్ అయిపోయింది. ఇప్పుడు బడిలో సైన్సు చెబుతున్నా. గేజీ పక్కన ఏసీ గదిలో కూర్చుని చీటీలు రాసినవాళ్లకి ఆ మెడనొప్పి తెలియదు.

గేజి_మాస్టారు:
ఏసీ గదా! ఫర్నేసు పక్కన ఏసీ ఎవరు పెట్టారమ్మా? మెడనొప్పి మీ ఒక్కరిదేనా?

ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, వినండి. 2009లో రిటైరయ్యాను. ఆ ఏడాది నుంచి 2020 దాకా రోజూ పొద్దున్నే ఆరింటికి ఒడ్డున ఒకే చోట మోకాలి లోతులో దిగి, బకెట్టుతో నీళ్లు ముంచి, వేడి చూసి నోటుబుక్కులో రాశాను. జనవరిలో 25 దాకా దిగుతుంది, మేలో 30 దగ్గరికెళ్తుంది. కొన్ని ఏళ్లల్లో మార్చి వచ్చాక ఒక్క వారంలో రెండు డిగ్రీలు పడిపోయేది, ఈ అబ్బాయి తాతగారు చెప్పిందే. పదకొండేళ్ల పుస్తకాలు సంచిలో వేసుకుని ఒక ఆఫీసుకి వెళ్లాను. పేరు చెప్పను. ఒక కుర్రాడు మొదటి పేజీ తిప్పి, "సర్, క్యాలిబ్రేషన్ లేదు కదా, ఇది డేటా కాదు" అన్నాడు. నాతో అన్నాడు ఆ మాట! బతికున్న మనిషి చూసి రాసిన వేడికి చీటీ కావాలి, ఇరవై వేల ఏళ్ల కిందట చచ్చిన పురుగుకి అక్కర్లేదు.

కైలాసగిరి_గాలి:
ఓహో. ఇదా సంగతి.

జాలారిపేట_చిన్నోడు:
మాస్టారుగోరూ, మా తాత సెయ్యి ఎవుడూ డేటా అన్లేదండి. మీకు పుస్తకాలైనా ఉన్నాయి.

బురద_బ్రష్షు:
మాస్టారూ, ఏసీ మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నా.

ఒక సంగతి చెప్పాలి. వందేళ్ల కిందట ఓడలవాళ్లు సముద్రం వేడి కొలిచిందీ బకెట్టుతోనే. కాన్వాసు బకెట్టైతే పైకి లాగేలోపు గుడ్డ మీద నీరు ఆవిరై నీళ్లు చల్లబడేవి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంజను గొట్టంలోకి వచ్చే నీళ్లని కొలవడం పెరిగేసరికి, సముద్రం ఒక్కసారిగా వేడెక్కినట్టు కనబడింది. ఆ లెక్కలెవరూ చెత్తబుట్టలో వెయ్యలేదు. ఏ బకెట్టు ఎంత చల్లబరుస్తుందో చూసి సవరించుకుని ఇవాళ్టికీ వాడుతున్నారు. మేం గుల్లకి చేసేది అదే. మీ బకెట్టుకి ఆ కుర్రాడు చెయ్యనిదీ అదే.

కాబట్టి అడుగుతున్నా. బకెట్టు గుడ్డదా, ప్లాస్టిక్‌దా? థర్మామీటరు మంచునీళ్లలో పెట్టి చూశారా?

గేజి_మాస్టారు:
ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు. మా ఆవిడ చీర కొంగు నీడ పట్టేది, ముంచిన నిమిషంలోపు చూసేవాణ్ణి. పాదరసం థర్మామీటరు. ప్రతి జనవరి ఒకటో తారీఖున నలగ్గొట్టిన ఐసులో పెట్టి, ఎంత చూపించిందో అట్ట వెనక రాశాను. 0.2 ఎక్కువ చూపించేది. మొత్తం మీద మారలేదు.

గుల్ల మీద నా మాటా మారలేదు.

బురద_బ్రష్షు:
నాదీ మారలేదు. ఆ అట్టల ఫొటోలు పెట్టండి ముందు.

గేజి_మాస్టారు:
పుస్తకాలు అటక మీదున్నాయి. రేపు మనవణ్ణి ఎక్కిస్తా. 2014 అక్టోబరు మాత్రం అడక్కండి. హుద్‌హుద్‌కి కిటికీ ఊడొచ్చి ఆ పుస్తకం తడిసింది, సిరా అంతా కారిపోయింది. పన్నెండో తారీఖు ఎలాగూ వెళ్లలేదు, పదమూడున వెళ్లాను. ఆ రోజు అంకె నాకు గుర్తుంది గానీ, గుర్తున్నది డేటా కాదు కదా.