ఈ వారం సమస్య: కప్ప బడిని లెక్క చెప్పె నేడు

నిర్వాహకుడు, వరంగల్:
ఈసారి సమస్య నేను కట్టింది కాదు. మన హన్మకొండ టీచరమ్మ తన బడి ముచ్చట చెప్తుంటే అందులోంచే ఊడిపడింది. మూడో తరగతి పిల్లలతో కలిసి ఆమె ఒక కప్ప బొమ్మల పుస్తకం కుట్టింది. పుటకో బొమ్మ, బొమ్మ కింద ప్రాస కుదిరిన రెండు ముక్కలు. తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ ఆ ఒక్క పుస్తకంలోంచే లాగుతోంది. ఇది ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యానికి చివరి పాదం, పై మూడు పాదాలు కట్టి పూరించండి. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి పాదం నడుమ పొసగే అక్షరం రావడం, తప్పిందని నా మీదికి రాకండి, కప్ప–చెప్పె ప్రాసయతి, మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలుస్తాయి. కప్ప అంటే ఫలానా సారుకు పిల్లలు పెట్టిన పేరు అని తప్పించుకోవద్దు. నిజం కప్పే కావాలి.

హన్మకొండ టీచరమ్మ:
నా సమస్యే కాబట్టి మొదట నేనే.

బొమ్మ పుటల నడుమ బుడుగుమని దుముకి
రెండు నాలుగారు రీతి గంతు
లిడుచుఁ దామరాకులెల్లను దాటుచు
కప్ప బడిని లెక్క చెప్పె నేడు

నేల మీద సుద్దముక్కతో ఆకులు గీసి పిల్లల్నే దూకించాను. రెండో ఎక్కం బట్టీ పట్టాల్సిన పని పడలేదు.

జనగామ పెద్దాయన:
‘బుడుగుమని’ బాగుందమ్మా, చెవికి నీళ్ల చప్పుడు వినిపించింది. ఒక్క మాట. ‘దాటుచు’ ద్రుతాంతం, అంటే చివర నకారం దాగున్న మాట, దాని తర్వాత ‘క’ ‘గ’ అవుతుంది, ‘గప్ప’ అనాలి.

నిర్వాహకుడు:
నిజమే సారూ. కానీ సమస్య పాదంలో అక్షరం కదిలిస్తే మళ్లీ మీరే కోప్పడతారు. పాదాంతంలో ఊపిరి తీసుకున్నారనుకుని వదిలేద్దాం.

లెక్కల సారు (రిటైర్డ్), కాజీపేట:

కాలికైదు వేళ్లు గణియింప నాల్గింట
ఇరువదనుచు బుడతలెగిరి పలుక
బల్లమీది బొమ్మపటమునఁ గూర్చుండి
కప్ప బడిని లెక్క చెప్పె నేడు

ములుగు సైన్స్ టీచర్:
సారూ, పద్యం నడక మాత్రం చక్కగా ఉంది. కానీ మీ కప్పకు రెండు వేళ్లు ఎక్కువయ్యాయి! కప్ప ముందు కాళ్లకు నాలుగేసి, వెనక కాళ్లకే ఐదేసి. మొత్తం పద్దెనిమిది. పిల్లలు ఇరవై అని ఎగిరితే పంతులు కూర్చుని చూస్తే ఎట్లా?

లెక్కల సారు:
ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను, ఒక్కనాడూ కప్ప చెయ్యి పట్టుకుని చూడలేదు. ఒప్పుకున్నాను. ఇదిగో:

ముందు కాళ్లఁ జూడ మొత్తమెనిమిదియు
వెనుక కాళ్లఁ బదియు వేళ్లు గాంచి
కూడి చూడుడనుచుఁ గొంటెగ నవ్వుచు
కప్ప బడిని లెక్క చెప్పె నేడు

టీచరమ్మ:
సారూ, మొదటి దానికన్నా ఇదే మేలు. జవాబు పద్యంలో లేదు, పిల్లల నోట్లో ఉంది. మా పుస్తకంలో మేము చేసేదీ అదే. చివరి మాట దగ్గర చెయ్యి అడ్డం పెడతాను. ఒక పుటలో ఇట్లా ఉంది:

వెనక కాళ్లు ముందొచ్చె
ముందు కాళ్లు ______

‘వెనకొచ్చె!’ అని తరగతంతా అరిచింది. తోకకప్పకు వెనక కాళ్లే మొదట మొలుస్తాయి. ఇదే సంగతి మామూలు వాక్యంలో చెప్పి మర్నాడు అడిగితే సగం మంది తారుమారు చేసేవాళ్లు. ప్రాస చేతికి దొరికితే జవాబు దానంతటదే వస్తుంది. మనం ఇక్కడ ఇంత పెద్దయ్యాక ఆడుతున్న ఆటను వాళ్లు ఏడేళ్లకే ఆడుతున్నారు.

జనగామ పెద్దాయన:
అయితే వాళ్లది పాదాల చివర కలిసే అంత్యప్రాస, మనది యతిప్రాసల లెక్క. రెండూ ఒకటే అనొద్దు.

టీచరమ్మ:
ఒకటే అనలేదు సారూ. ఖాళీ ఒకటే అన్నాను.

పరకాల తమ్ముడు:
నాకు ఒక్క పాదమే వచ్చింది: చెరువు గట్టు మీద కూర్చొని పాడుచు

నిర్వాహకుడు:
తమ్మీ, గణాలు, అంటే అక్షరాల తూకం, కుదిరాయి, యతి జారింది. ‘చె’కు ‘కూ’ పొసగదు. ‘చెరువు గట్టు మీద చిందులు వేయుచు’ అని చూడు. మిగతా రెండు పాదాలు నువ్వే తేవాలి.

ములుగు సైన్స్ టీచర్:

వాన లేనినాడు వాడవాడ తిరుగ
నెత్తి మీద బిందె నీళ్లు పోయ
నెన్ని యిండ్లు, బిందెలెన్ని యనుచు నవ్వి
కప్ప బడిని లెక్క చెప్పె నేడు

వానల కోసం ఆడే కప్పతల్లి ఆట గుర్తుకొచ్చింది. రోకలికి కప్పను కట్టి, వేపాకులు చుట్టి, ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. ఎన్ని ఇళ్లు, ఇంటికెన్ని బిందెలు అంటే గుణకారమే కదా.

జనగామ పెద్దాయన:
మూడు పాదాలూ వాడలో నడిచి, నాలుగో పాదంలో ఒక్కసారిగా బళ్లో తేలింది. ‘బడిని’ అన్న మాటకు దారి వెయ్యలేదు. పైగా కట్టేసిన కప్ప నవ్వుతుందా?

ములుగు సైన్స్ టీచర్:
రెండోది గట్టి దెబ్బే. ఇప్పుడు మా పిల్లలతో మట్టి కప్ప చేయిస్తున్నాను, అది నవ్వుతుంది. ‘బడిని’కి దారి వెతుకుతా. మా ఐదో తరగతి వాళ్లు ఈ కప్పకు ఊరు కూడా పెట్టారు, రామప్ప చెరువు. అక్కడి గుడి 1213 నాటిది, యునెస్కో గుర్తింపు 2021లో వచ్చింది. మధ్య ఎన్నేళ్లని తీసివేత చేయించాను. 808 వచ్చింది. ‘కప్పకు అన్నేళ్లా?’ అని ఒకడు నోరు తెరిచాడు. ‘కప్పకు కాదురా, గుడికి’ అని చెప్పేసరికి గంట కొట్టారు.

లెక్కల సారు:
పద్యంలో పెట్టండి, అదే మీ ‘బడిని’.

నిర్వాహకుడు:
ఈ వారం మెచ్చుకోలు లెక్కల సారు రెండో పూరణకు. తప్పు దిద్దుకున్నందుకు కాదు, మూడో పాదం కోసం. వచ్చే వారం సమస్య టీచరమ్మ బడిలో ఒక పాప ఇచ్చిందట: కాళ్లు వచ్చె తోక కానరాదు. ఇది మామూలు యతే.

ములుగు సైన్స్ టీచర్:
ముందే చెప్తున్నాను, తోక ‘రాలె’ అని ఎవరూ రాయొద్దు. తోక రాలదు, ఒంట్లోకే ఇంకిపోతుంది.

లెక్కల సారు:
రాసిన పాదం కొట్టేశాను మేడమ్.