పాత సైకిళ్లను ఆఫ్రికాకు పంపడం సహాయమా, సామాను వదిలించుకోవడమా?

ఎసెక్స్‌వాసి:
ఇక్కడ ఇంగ్లండులో, కోల్చెస్టర్ ప్రాంతంలోని రీ-సైకిల్ అనే సంస్థ వాడిన సైకిళ్లను సేకరించి, కంటైనర్లకెత్తి ఆఫ్రికా దేశాలకు పంపుతుంది. పిల్లలు ఎదిగాక మూలనపడిన సైకిళ్లు మా తెలుగు సంఘం సభ్యుల ఇళ్లలో చాలానే ఉన్నాయి కాబట్టి, వాటిని పోగుచేసి ఇవ్వాలనుకుంటున్నాము. ఘానాలో 1999 నుంచి పనిచేస్తున్న విలేజ్ బైసికిల్ ప్రాజెక్టు ఊళ్లలో ఒకరోజు మరమ్మతు శిక్షణ ఇచ్చి, అది పూర్తిచేసినవారికి సగం ధరకు సైకిలు ఇస్తుంది. ఈ పద్ధతి నాకు నచ్చింది. మీరేమంటారు?

నిక్కచ్చి:
మనం ఊరికే ఇచ్చినదాన్ని వారు అమ్ముకోవడం ఏ ధర్మశాస్త్రంలో ఉంది? మా ఊళ్లో ఒక సేవాసంస్థకు నేను కొత్తదనం పోని గేర్ల సైకిలు ఇచ్చాను. ఎవరికి చేరిందని ఉత్తరాలు రాస్తే జవాబు లేదు సరికదా, విరాళం కోరే కరపత్రాలు మాత్రం క్రమం తప్పకుండా వస్తున్నాయి.

సైకిల్‌షాపు అబ్బాయి:
ధర్మం సంగతి అలా ఉంచి టైరు సంగతి చూడండి. రెండు టైర్ల మీదా 26 అంగుళాలని రాసి ఉన్నంతమాత్రాన అవి ఒకే కొలత కావు. మౌంటెన్ బైకు టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం 559 మిల్లీమీటర్లు; అదే 26 అని ఉండే పాతరకం సన్నటైరుకు 590; మన లూధియానా నుంచి కూడా ఆఫ్రికాకు వెళ్లే నల్లటి బరువు సైకిలుకు 635. అక్కడి కొట్లో దొరకని కొలత పంపితే, టైరు అరిగిన రోజే ఆ సైకిలు పాత ఇనుము కింద లెక్క.

గోదారిగట్టు:
దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదంటారు. ఇక్కడ ఇచ్చినవారే లెక్కపెడుతున్నారు.

ఎసెక్స్‌వాసి:
నిక్కచ్చి గారూ, ఓడ కిరాయి, రేవు ఖర్చులు, అక్కడి లారీ బాడుగ, శిక్షకుడి జీతం ఎవరు భరించాలి? నమీబియాలో కంటైనరును వెనక్కి పంపకుండా దానినే దుకాణంగా మార్చి, స్థానికులకు పని నేర్పి, అమ్మకాల మీద నడుపుకునేలా చేశారు. అమ్మకమే లేకపోతే ఆ కొట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది?

నిక్కచ్చి:
ఖర్చు వద్దనలేదు. లెక్క చూపమన్నాను.

విశాఖ టీచరు:
అసలు పాతవే ఎందుకు? 2005లో అమెరికాలో మొదలైన వరల్డ్ బైసికిల్ రిలీఫ్ సంస్థ ఆఫ్రికా మట్టిదారుల కోసమే తయారుచేయించిన బఫెలో సైకిలు 100 కిలోల బరువు మోస్తుంది. జాంబియాలో వాటిని బడిపిల్లలకు ఇస్తూ మెకానిక్కులకు శిక్షణ కూడా ఇస్తున్నారు. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు కొత్త సైకిలు కొనుక్కోమని డబ్బే ఇచ్చింది. పేదవారికి పాతదే చాలుననే ఆలోచన మనకెందుకు వస్తుంది?

ఎసెక్స్‌వాసి:
ఒడ్డున కూర్చుని ఎన్నయినా చెప్పవచ్చు. బఫెలోల కోసం మీరెంత పంపారు?

విశాఖ టీచరు:
నా జీతం లెక్క మీకు చెప్పవలసిన పనిలేదు. ఇల్లు ఖాళీ కావడం మీ అవసరం, సైకిలు వారి అవసరం. రెండూ ఒకటే అన్నట్టు రాస్తున్నారు, నాకు మండేది అక్కడే.

టేమా తెలుగు:
నేను ఉద్యోగరీత్యా ఘానాలోని టేమా రేవులో ఉంటున్నాను. సగం ధరయినా చెల్లించి కొన్నవాడు ఆ సైకిలును అద్దెకిచ్చుకుంటాడు, రేపు మారుబేరానికి అమ్ముకుంటాడు, ఎవరికీ ఫోటో దిగి దండం పెట్టవలసిన అవసరం ఉండదు. నిక్కచ్చి గారికి ఇబ్బంది ధరతో కాదు, ఈ దండం లేకపోవడంతోనని నాకనిపిస్తోంది.

నిక్కచ్చి:
అవును, ఫోటో అడిగాను. నా వస్తువు ఎవరి చేతికి చేరిందో చూడాలనుకోవడం నేరమా?

టేమా తెలుగు:
ఇచ్చాక అది మీ వస్తువు కాదు.

నిక్కచ్చి:
అయితే ఇక ఇవ్వను.

ఎసెక్స్‌వాసి:
సరే, మిగిలినవారి కోసం అడుగుతున్నాను. ఏవి పంపమంటారు?

సైకిల్‌షాపు అబ్బాయి:
559 కొలత మౌంటెన్ బైకులు పంపండి, సన్నటైర్ల రేసు సైకిళ్లు మానండి. వెనకచక్రం పళ్ల చట్రాన్ని విప్పే పనిముట్టు తప్పక వేయండి. అది లేని మెకానిక్కు ఉలీ సుత్తీ పట్టుకుంటే హబ్బు మరలే పోతుంది. ట్యూబులు, చైన్లు, బ్రేకు తీగలు ఎన్ని వేసినా ఎక్కువ కాదు.

విశాఖ టీచరు:
ఆ పనిముట్లకయ్యే డబ్బులో నా వాటా పంపుతాను. పాత సైకిళ్ల ఓడ కిరాయికి మాత్రం ఇవ్వను.